అన్ని దాహాలూ ఎండవి కావు

“ఎండలు ఇలా మండిపోతుంటే దాహం వేయక ఏం చేస్తుంది?” మార్చి నెల సగంలో మొదలై తొలకరి పడేదాకా విజయవాడ, గుంటూరుల్లో ఈ మాట వినపడని ఇల్లుండదు. మాటలో తప్పు లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. రెంటచింతలలో నిన్న ఎన్ని డిగ్రీలు కొట్టిందో పేపర్లో చూసి, ఈ ఏడు వేసవి ఎలా ఉందో అంచనా వేసుకునే జనం మనం. నా అభ్యంతరమల్లా ఇదే మాటని వానలు పడ్డాక కూడా అంటున్నందుకు. ఏసీ గదిలో పడుకుని రాత్రి మూడుసార్లు లేచి చెంబెడు నీళ్లు తాగే మనిషికీ మనం ఎండనే చూపిస్తున్నాం. ఆ మనిషి కూడా నమ్ముతున్నాడు. నమ్మి రెండు నెలలో మూడు నెలలో పోగొట్టుకుంటున్నాడు.

దాహం ఎక్కువైందని ఇంట్లో ఎవరైనా అంటే ముందు అడగాల్సింది రెండే ప్రశ్నలు. మూత్రం ఎంత వస్తోంది? రాత్రి దానికోసం నిద్ర లేస్తున్నారా? ఈ రెండిట్లో తేడా కనిపిస్తే ఆ రోజే వేలు గుచ్చి షుగర్ చూడాలి. ఎండ సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఎండ దాహం లక్షణం వేరు

మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) మోసే హమాలీనో, ఆటోనగర్లో వెల్డింగ్ చేసే కుర్రాడినో తీసుకోండి. మే నెలలో పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఐదారు లీటర్లు తాగుతాడు. ఆ నీరంతా చెమటగా పోతుంది. నీరు తగ్గి రక్తంలో ఉప్పు గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడులోని హైపోథాలమస్ పసిగడుతుంది. వెంటనే రెండు పనులు చేస్తుంది. మనిషికి దాహం పుట్టిస్తుంది. పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ని వదిలి, ఉన్న నీటిని బయటికి పోనివ్వొద్దని కిడ్నీలకి చెబుతుంది. అందుకే అతను అన్ని నీళ్లు తాగినా రోజుకి రెండు మూడుసార్లే పాస్‌కి వెళ్తాడు, అదీ ముదురు పసుపు రంగులో, కొద్దికొద్దిగా. నీడన కూర్చుని రెండు గ్లాసుల మజ్జిగ తాగితే కాసేపటికి దాహం తీరుతుంది. రాత్రి ఒళ్లెరగకుండా పడుకుంటాడు. అతని శరీరం సరిగ్గా పనిచేస్తోంది.

జబ్బు దాహంలో వరస తిరగబడుతుంది. అక్కడ నీరు ముందు మూత్రంగా పోతుంది, దాన్ని పూడ్చడానికి దాహం వెనకాల పరిగెత్తుతుంది. తాగినకొద్దీ పోతుంది, పోయినకొద్దీ తాగాలనిపిస్తుంది. మూత్రం నీళ్లలా తేటగా, వెళ్లిన ప్రతిసారీ నిండుగా వస్తుంది. పెద్దవాళ్లకి మామూలుగా రోజు మొత్తంమీద లీటరు నుంచి రెండు లీటర్ల మధ్య మూత్రం వస్తుంది. మూడు లీటర్లు దాటితే కారణం వెతకాల్సిందే.

దీనికి ఒక సందేహం రావాలి. కిడ్నీలో రాళ్లున్నాయని డాక్టరు చెప్పి మరీ తాగిస్తున్నవాళ్లు, వాట్సాప్‌లో చదివి పొద్దున్నే లీటరు నీళ్లు పట్టించేవాళ్లు మనలో తక్కువేం కాదు. వాళ్లకీ మూత్రం తేటగానే, ఎక్కువగానే వస్తుంది కదా? వస్తుంది. తేడా ఎక్కడంటే, వాళ్లు గుర్తుపెట్టుకుని తాగుతారు. పెళ్లికెళ్లి సగం రోజు మర్చిపోయినా బాధపడరు. జబ్బు దాహం ఉన్నవాళ్లు విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే గంట ప్రయాణానికి కూడా బాటిల్ లేకుండా బస్సెక్కలేరు. మధ్యలో మంగళగిరి దగ్గర ఎక్కడ దిగి పాస్‌కి వెళ్లాలో ముందే చూసుకుంటారు.

రాత్రి లేవడం గురించీ ఒక జాగ్రత్త. అరవై దాటిన మగవాళ్లు ప్రోస్టేట్ వాపుతో నాలుగుసార్లు లేస్తారు. సాయంత్రంపూట బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లు లేస్తారు. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు పడుకోగానే రక్తంలోకి చేరడం వల్ల కాళ్లవాపు ఉన్నవాళ్లూ లేస్తారు. ప్రోస్టేట్ అయితే ప్రతిసారీ కొంచెమే వస్తుంది, ధార సన్నగా ఉంటుంది, ఇంకా మిగిలిపోయినట్టు అనిపిస్తుంది. షుగర్లో అలా కాదు, లేచిన ప్రతిసారీ బ్లాడర్ నిండి ఉంటుంది, వచ్చి పడుకోబోతూ మళ్లీ నీళ్లు తాగుతారు. కాబట్టి ఎన్నిసార్లు లేచారన్న లెక్క ఒక్కటీ సరిపోదు. ఎంత వచ్చిందన్నది కావాలి.

ఒక రోజు కొలిచి చూడండి

డాక్టరు దగ్గరికెళ్లి “చాలా ఎక్కువగా వస్తోందండీ” అంటే ఆయనకి ఏమీ తెలియదు. “నాలుగు లీటర్ల రెండొందల మిల్లీలీటర్లు” అంటే సగం పని అయిపోయినట్టే. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. రెండు లీటర్ల ఖాళీ వాటర్ బాటిళ్లు రెండు మూడు, వెడల్పు మూతి ఉండి గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి చాలు.

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని టాయిలెట్లోనే వదిలేసి, టైం రాసుకోండి. ఆరున్నర అనుకుందాం. అది రాత్రంతా పోగైనది కాబట్టి నిన్నటి లెక్క. అక్కడి నుంచి వచ్చే ప్రతి బొట్టూ మగ్గులో పట్టి, ఎంతో రాసి, బాటిల్లో పోయండి. మర్నాడు పొద్దున సరిగ్గా ఆరున్నరకి వెళ్లి, ఆ మూత్రాన్ని కూడా కలిపితే ఒక రోజు పూర్తయినట్టు. ఎక్కువమంది పొరపడేది మొదటి రోజు పొద్దుటిదీ, రెండో రోజు పొద్దుటిదీ రెండూ కలిపేయడంలో. అప్పుడు అర లీటరు దాకా ఎక్కువ చూపిస్తుంది. ఇంకో పొరపాటు, దొడ్డికి వెళ్లినప్పుడు వచ్చే మూత్రాన్ని లెక్కలో మర్చిపోవడం. ముందు మగ్గులో పోసి ఆ తర్వాత కూర్చుంటే సరిపోతుంది. ఇంట్లో ఉండే ఆదివారం పెట్టుకుంటే ఇవేవీ కష్టం కావు. తాగినదీ రాయండి: నీళ్లు, కాఫీ, మజ్జిగ, పులుసు అన్నీ.

అయితే కొలిచేదాకా ఆగడం అందరికీ పనికిరాదు. బరువు తగ్గుతున్నా, వాంతులున్నా, పిల్లల విషయమైనా కొలతలు పక్కనపెట్టి ముందు షుగర్ చూపించాలి.

షుగర్ ఎందుకు దాహం పుట్టిస్తుంది

రక్తంలో చక్కెర డెసిలీటరుకి సుమారు 180 మిల్లీగ్రాములు దాటేదాకా కిడ్నీలు దాన్ని మళ్లీ లోపలికి లాగేసుకుంటాయి. అది దాటాక లాగే శక్తి చాలక మిగిలింది మూత్రంలోకి పోతుంది. చక్కెర ఒంటరిగా పోదు, తనతో నీటిని తీసుకుపోతుంది. 250, 300 దగ్గర రోజులకి రోజులు నిలబడిన మనిషి లీటర్లకొద్దీ నీటిని ఇలా పోగొట్టుకుంటాడు. నీటితోపాటు అన్నంలోని శక్తి కూడా మూత్రంలో పోతుంది కాబట్టి, రెండు పూటలకి మూడు పూటలు తింటున్నా ప్యాంటు వదులవుతుంది. మూత్రం పడిన చోట చీమలు చేరుతున్నాయని పాతకాలంలో గమనించేవాళ్లే, అది నిజమైన ఆనవాలు. చూపు మసకబారడం, మూత్రం పోసే చోట దురద, తెల్లమచ్చలు, మానని పుండు కూడా దీనితో కలిసే వస్తాయి. ఆడవాళ్లు దురదకి పదే పదే క్రీములు రాస్తూ షుగర్ చూపించుకోకపోవడం చాలా ఎక్కువ.

ఇక్కడే మన ఊళ్ల వేసవి ఒక ఉచ్చు బిగిస్తుంది. దాహం వేస్తే చల్లగా, తియ్యగా ఏదో తాగుతాం. బందరు రోడ్డులో చెరకు రసం, బ్రాడీపేట మలుపులో సుగంధి సోడా, ఇంట్లో ఫ్రిజ్‌లో కూల్‌డ్రింక్. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 30 గ్రాముల పైన చక్కెర ఉంటుంది, చెరకు రసం గ్లాసులో అంతకి తగ్గదు. షుగర్ 280 ఉన్న మనిషికి ఆ గ్లాసు పది నిమిషాలు హాయినిచ్చి, రెండు గంటల తర్వాత ఇంకా ఎక్కువ మూత్రాన్నీ ఇంకా ఎక్కువ దాహాన్నీ ఇస్తుంది. దానికి మందుగా ఇంకో గ్లాసు. ఇలా కొన్నాళ్లలో 280 కాస్తా 500 కావచ్చు. మందుల షాపుల్లో ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే పండ్ల రుచి టెట్రా ప్యాకెట్లూ ఇదే కోవలోవి. వాటి మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అసలైన ఓఆర్ఎస్ లీటరు నీళ్లలో కలిపే 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. అది విరేచనాలకీ వడదెబ్బకీ పనికొచ్చేది, కారణం తెలియని దాహానికి రోజూ తాగాల్సింది కాదు.

షుగర్ పరీక్ష అంటే పరగడుపునే చేయాలన్న పట్టుదల వల్ల కూడా ఆలస్యం అవుతోంది. దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం ఉన్న మనిషికి ఏ టైంలో చూసినా 200 లేదా పైన ఉంటే అది షుగరే. మధ్యాహ్నం అన్నం తిన్నాక మూడింటికి వెళ్లినా పరీక్ష చేయించుకోవచ్చు, రేపు పొద్దుటిదాకా ఆగనక్కర్లేదు. పరగడుపున 126, గ్లూకోజు తాగిన రెండు గంటలకి 200, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం: ఇవి గుర్తుంచుకోవాల్సిన హద్దులు. రక్తహీనత ఉన్నవాళ్లలో, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పుదోవ పట్టిస్తుంది. నాలుగు వారాల్లో ముంచుకొచ్చిన జబ్బుని మూడు నెలల సగటు పూర్తిగా చూపించదు కూడా. ఇంట్లో గ్లూకోమీటరు వాడేవాళ్లు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకుని గుచ్చాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచినా, గడువు దాటినా అంకె నమ్మదగ్గది కాదు.

నా వాదనకి ఎదురుగా ఒక బలమైన మాట ఉంది, దాన్ని దాచను. పెద్దవాళ్లకి వచ్చే షుగర్లో ఎక్కువభాగం దాహం లేకుండానే ఉంటుంది. 140, 150 దగ్గర ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి గొంతు ఎండదు. అలాంటప్పుడు దాహం గురించి ఇంత చెప్పడం దేనికి, దాహం వేయలేదు కాబట్టి నాకు షుగర్ లేదని జనం అనుకోరా? అనుకుంటారు, అందుకే చెబుతున్నాను: ముప్పై దాటి, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉండి, నడుము చుట్టూ ఒళ్లు చేసినవాళ్లు దాహం కోసం చూడకుండా ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి. దాహం అనేది ఆలస్యంగా మోగే గంట. మోగినప్పుడైనా వినమనడమే నేనంటున్నది.

పిల్లల్లో రోజులే ఉంటాయి

పిల్లల్లో, టీనేజీ వాళ్లలో వచ్చే టైప్ 1 షుగర్ వేరే కథ. అక్కడ ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. దాహం మొదలైన కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. పక్క తడపడం మానేసి రెండేళ్లయిన పిల్ల మళ్లీ తడుపుతుంటే తిట్టకండి, షుగర్ చూపించండి. చంటిపిల్లల డైపరు ఎప్పటికన్నా బరువుగా, తరచుగా నిండుతుంటే అదీ గుర్తే.

ఈ రెండు ఊళ్లలోనూ, చుట్టుపక్కలా ఇంటర్, నీట్, జేఈఈ హాస్టళ్లలో వేలమంది పిల్లలున్నారు. అక్కడ జరిగే తంతు ఇలా ఉంటుంది. పిల్లాడు క్లాసులో గంటకోసారి బయటికి వెళ్తానంటాడు. లెక్చరరు అది ఎగ్గొట్టే సాకు అనుకుని పంపరు. వాడు నీళ్లు తాగడం తగ్గించుకుంటాడు, ఇంకా ఎండిపోతాడు. ఫోన్‌లో అమ్మ బక్కచిక్కిపోయావేంట్రా అంటే హాస్టల్ తిండి మీద నెపం. ఆఖరికి కడుపునొప్పి, వాంతులు మొదలైతే గ్యాస్ ట్రబుల్ మాత్ర. హాస్టల్ వార్డెన్లకి, స్కూలు టీచర్లకి ఒక్క విషయం తెలిస్తే చాలు: పదే పదే నీళ్లకీ పాస్‌కీ వెళ్తూ, సన్నబడుతున్న పిల్లాడికి ఆ సాయంత్రమే వేలు గుచ్చి చూడాలి. నిమిషం పని.

వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఆయాసపడటం, నోటి నుంచి పండిన పండు లాంటి వాసన, మగత. దాహంతోపాటు వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది కీటోఅసిడోసిస్ అయ్యే అవకాశం ఉంది. ఇన్సులిన్ లేక శరీరం కొవ్వుని కరిగించుకుంటుంటే పుట్టే ఆమ్లాలు రక్తాన్ని పుల్లబరుస్తాయి, వాటిని వదిలించుకోవడానికే ఆ ఆయాసం. దీన్ని ఆస్తమా అనీ, అపెండిసైటిస్ అనీ పొరబడటం మామూలే. 108కి ఫోన్ చేసి ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మంగళగిరి ఎయిమ్స్‌లో దీనికి చికిత్స ఉంది. తెల్లవారేదాకా చూద్దాం అనుకోకూడదు.

దారిలో ఒక ప్రమాదం కాచుకుని ఉంటుంది. నీరసంగా ఉందనగానే వీధి చివర ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించడం మనకి అలవాటు. ఆ సీసాల్లో గ్లూకోజు ఉన్నవీ ఉంటాయి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. షుగర్ 450 ఉన్న పిల్లాడికి అది ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఏ సీసా అయినా సరే, ఎక్కించే ముందు వేలు గుచ్చి చూడమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ముసలివాళ్లలో ఇంకోలా ఉంటుంది. వయసుతోపాటు దాహం తెలిసే శక్తి తగ్గుతుంది. షుగర్ 600 దాటి ఒళ్లంతా ఎండిపోయినా నీళ్లు అడగకపోవచ్చు. మగతగా ఉండటం, మాట తడబడటం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు పక్షవాతమనో, వయసనో అనుకుంటారు. పక్షవాతమేమో అని పరిగెత్తినా తప్పులేదు, వెళ్లగానే షుగర్ కూడా చూస్తారు.

షుగర్ లేదని తేలితే

ఇక్కడితో చాలామంది ఆగిపోతారు. షుగర్ లేదు, హమ్మయ్య, ఎండే. అలా ఆగకూడదు.

మొదట, అది దాహమా, నోరు ఎండటమా అని చూసుకోవాలి. దాహమున్నవాళ్లు గ్లాసులకొద్దీ తాగుతారు, పాస్‌కీ అలాగే వెళ్తారు. నోరు ఎండినవాళ్లకి గుక్కెడు చాలు, ఐదు నిమిషాల్లో మళ్లీ గుక్కెడు. నీళ్లు లేకుండా ఒక మేరీ బిస్కెట్టు నమిలి మింగలేకపోతుంటే లాలాజలం తగ్గినట్టు. జలుబుకి వాడే మాత్రలు, నరాల నొప్పికీ నిద్రకీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడం లేదని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటివి దీనికి కారణం కావచ్చు. నోరు తెరిచి గురకపెట్టేవాళ్లకీ పొద్దున్నే నోరు పిడచకట్టుకుపోతుంది. నోటితోపాటు కళ్లు కూడా ఎండి, ఇసుక పడినట్టుంటే, ముఖ్యంగా నడివయసు ఆడవాళ్లలో, షోగ్రెన్ అనే జబ్బు కోసం చూడాలి.

దాహమే అని తేలితే, మందుల కవరు విప్పాలి. బీపీకీ గుండెకీ ఇచ్చే నీరు తీసే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ తరహా షుగర్ మందులు మూత్రాన్ని పెంచేవే. మానసిక జబ్బుకి ఏళ్లుగా లిథియం వాడుతున్నవాళ్లలో కొందరికి కిడ్నీ వాసోప్రెసిన్ మాట వినడం మానేస్తుంది. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు షుగర్‌నే పెంచుతాయి. మోకాళ్ల నొప్పులకి ఊరూ పేరూ లేని పొట్లాల్లో అమ్మే పొడులు కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, అది వేసుకుంటున్నట్టు డాక్టరుకి చెప్పడం ఎవరికీ గుర్తుండదు. వీటిలో దేన్నీ మీ అంతట మీరు ఆపొద్దు. లిథియం వాడేవాళ్లు నీళ్లు తగ్గిస్తే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి విషమవుతుంది. స్టెరాయిడ్‌ని హఠాత్తుగా ఆపినా ప్రమాదమే.

విటమిన్ డి గురించి కాస్త ఆగి చెప్పాలి. 60,000 యూనిట్ల సాచెట్టు వారానికి ఒకటి, ఎనిమిది వారాలు అని రాస్తారు. దాన్ని రోజుకొకటిగా వేసుకునేవాళ్లు, కోర్సు అయిపోయినా నెలల తరబడి కొనుక్కుని వాడేవాళ్లు, దానికి తోడు మోకాళ్ల కోసం 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు చేయించుకునేవాళ్లు ఉన్నారు. విటమిన్ డి కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. కాల్షియం పెరిగితే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు. దాహం, అతిమూత్రం, మలబద్ధకం, వికారం, మగత వరసగా వస్తాయి. నిర్లక్ష్యం చేస్తే కిడ్నీలు పాడవుతాయి. పారాథైరాయిడ్ గ్రంథి గడ్డలూ, కొన్ని క్యాన్సర్లూ కూడా కాల్షియాన్ని ఇలాగే పెంచుతాయి. అందుకే దాహం, మలబద్ధకం కలిసి ఉంటే కాల్షియం పరీక్ష అడగాలి.

కిడ్నీ జబ్బు తొలిదశలోనే మూత్రాన్ని చిక్కబరచే శక్తి తగ్గుతుంది. రాత్రి లేవడం మొదలవుతుంది, వాపు ఇంకా కనపడదు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో ఈ జబ్బు ఎంత పీడించిందో ఇక్కడి వాళ్లకి తెలుసు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షకి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక అరుదైనది. పిట్యూటరీ నుంచి వాసోప్రెసిన్ రాకపోయినా, వచ్చినా కిడ్నీ స్పందించకపోయినా రోజుకి ఐదు, పది, ఒక్కోసారి పదిహేను లీటర్ల మూత్రం పోతుంది. డయాబెటిస్ ఇన్సిపిడస్ అని దీని పాత పేరు, షుగర్‌తో సంబంధం లేదు. బైకు మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలిన కొద్ది రోజుల్లో, మెదడు ఆపరేషన్ తర్వాత ఇది మొదలు కావచ్చు. అర్ధరాత్రి కూడా ఐస్ నీళ్లే కావాలనడం, ఫలానా రోజు నుంచి మొదలైందని చెప్పగలగడం దీనిలో తరచుగా కనిపిస్తాయి. హార్మోన్ లోపమైతే దానికి బదులుగా ఇచ్చే డెస్మోప్రెసిన్ మందుతో అదుపులో ఉంటుంది.

నీళ్లు ఆపి చూద్దాం అనకండి

“నువ్వు ఎక్కువ తాగుతున్నావు కాబట్టే ఎక్కువ వస్తోంది, తగ్గించు.” ఇంట్లో పెద్దవాళ్లిచ్చే సలహాల్లో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. షుగర్ 350 ఉన్న మనిషి నీళ్లు తగ్గిస్తే మూత్రం తగ్గదు, రక్తం చిక్కబడుతుంది. వాసోప్రెసిన్ లోపమున్నవాళ్లు ఒక రాత్రి నీళ్లు మానేసినా తెల్లారేసరికి సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. నీళ్లు ఆపి చేసే పరీక్ష ఒకటి నిజంగానే ఉంది, కానీ అది ఆసుపత్రిలో, పదే పదే బరువూ రక్తంలో సోడియమూ చూస్తూ చేసేది. ఇంటి వైద్యం కాదు.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. అలవాటుగానో, ఆందోళన వల్లో, మానసిక జబ్బు వల్లో శరీరం అడక్కపోయినా రోజుకి పది లీటర్లు తాగేవాళ్లలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, చివరికి ఫిట్స్ వస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకీ, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకీ డాక్టరు నీళ్లకి లెక్క పెడతారు, వాళ్లు ఆ లెక్కలోనే ఉండాలి. మన గోంగూర పచ్చడి, ఆవకాయ, ఊరమిరపకాయల్లోని ఉప్పు తగ్గిస్తే వాళ్ల దాహం తగ్గుతుంది. నోరు పుక్కిలించి ఊసేయడం, చిన్న ఐస్ ముక్క చప్పరించడం, పెద్ద గ్లాసు మాని చిన్న కప్పు పెట్టుకోవడం పనికొస్తాయి.

ఎప్పుడు, ఎక్కడికి, ఏం పట్టుకుని

ఇవన్నీ చదివి ప్రతివాళ్లూ ఫుల్ బాడీ ప్యాకేజీల కోసం ల్యాబుల ముందు క్యూ కడతారేమో అన్న భయం నాకూ ఉంది. మే నెలలో దాహం వేసే వందమందిలో అత్యధికులకి నిజంగా ఎండ దాహమే. వాళ్లకి ఏ ప్యాకేజీ అక్కర్లేదు. అనుమానం ఉన్నవాళ్లకి కూడా మొదటి మెట్టు రెండు పరీక్షలే: రక్తంలో షుగర్, మామూలు మూత్ర పరీక్ష. పట్టణ ఆరోగ్య కేంద్రంలో షుగర్ ఉచితంగా చూస్తారు. అవి బాగుండి మూత్రం మూడు లీటర్లు దాటుతుంటే రెండో మెట్టు: క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాల్షియం. పొద్దుటి తొలి మూత్రంలో స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం) చూడమనండి. చక్కెర లేకుండా 1.020 దాటితే కిడ్నీ నీటిని చక్కగా పట్టి ఉంచుతోందన్నమాట. 1.005 దగ్గర తిరుగుతుంటే హార్మోన్ల డాక్టరుని (ఎండోక్రైనాలజిస్టుని) కలవాలి. అప్పటిదాకా సూర్యారావుపేటకో గుంటూరు కొత్తపేటకో వెళ్లి పెద్ద స్పెషలిస్టుల కోసం వెతకనక్కర్లేదు, జనరల్ ఫిజీషియన్ చాలు.

పిల్లలైతే, గర్భిణులైతే ఆ రోజే వెళ్లాలి. పెద్దవాళ్లు బరువు తగ్గుతున్నా, చూపు మసకబారినా ఒకటి రెండు రోజుల్లో. మూత్రంలో తేడా లేని మిగతావాళ్లు నీడపట్టున ఉండి, ఉప్పు తగ్గించి, వారం చూసినా తగ్గకపోతే వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఒక రోజు కొలత రాసిన కాగితం, ఎన్నాళ్ల నుంచి మొదలైందో ఒక ముక్క, మూడు నెలల కిందట బరువెంతో ఇప్పుడెంతో, ఇంట్లో వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో పట్టుకెళ్లండి. విటమిన్ సాచెట్లు, ఆయుర్వేదం పొడులు, మోకాళ్ల పొట్లాలు కూడా అందులోనే వేయండి.